పులిసిన కుండలో కుడిచేతి అణువులు

ఎండలు ముదరడం ఆలస్యం, పత్రికల అనుబంధాలలోనూ అంతర్జాలంలోనూ సద్దన్నానికి పట్టాభిషేకం మొదలవుతుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, తెల్లవారి మజ్జిగ కలిపి, ఉల్లిపాయో ఊరిమిండో నంజుకుని తినే మా చిత్తూరు సీమ సద్దికి రాత్రికి రాత్రే అమృతత్వం సిద్ధిస్తుంది. మన తాతలకు సూక్ష్మజీవశాస్త్రమంతా కరతలామలకమనీ, పాశ్చాత్యులు ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తున్నారనీ ఒక వర్గం వారు ఘంటాపథంగా చెబుతారు. పాచి అన్నం తినవలసిన దరిద్రానికి ఇన్ని అలంకారాలా అని రెండో వర్గం వారు ముక్కు చిట్లిస్తారు. ఈ రెండు వర్గాల మధ్య ఒక చిన్న ప్రశ్న ఎవరికీ పట్టకుండా పోతుంది: ఇంతకీ ఆ కుండలో రాత్రంతా ఏం జరిగింది?

ఆ ప్రశ్నలో ఒక మూలనున్న విషయం గురించి ఈ టపా. పులిసిన ఆహారంలో పుట్టే కొన్ని అణువులు, మన ఒంట్లోని ప్రోటీనులను కట్టే అణువులకు అద్దంలో ప్రతిబింబాల వంటివి. వాటిని డి అమైనో ఆమ్లాలంటారు. జీవరాశికి ఇవి పరాయివని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. నిజానికి అవి మన పెరుగులో ఉన్నాయి, పేగుల్లో ఉన్నాయి, మెదడులో కూడా ఉన్నాయి. ఈ సంగతి తెలియకపోవడం వల్ల మనకు కలుగుతున్న నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం.

ముందు చేతివాటం సంగతి చూద్దాం. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు ఒకే తోలుతో, ఒకే కొలతతో, ఒకే చెయ్యి కుట్టినవే కావచ్చు. అయినా ఒకదాని స్థానంలో మరొకటి ఇమడదు. కొన్ని అణువులూ అంతే. అవే పరమాణువులు, అవే బంధాలు. అమరిక మాత్రం అద్దంలో తిరగబడినట్టు ఉంటుంది. ప్రోటీనులలోని ఇరవై అమైనో ఆమ్లాలలో గ్లైసిన్ ఒక్కదానికి ఈ తేడా లేదు. తక్కిన పంతొమ్మిదింటికీ ఎడమ, కుడి రూపాలు రెండూ సాధ్యమే. ఎడమ రూపానికి ఎల్ అనీ, కుడి రూపానికి డి అనీ పేర్లు.

ఈ రహస్యం బయటపడింది ద్రాక్షసారాయి పీపాలలో పేరుకునే టార్టారిక్ ఆమ్లం వల్ల. మనకు ఆ ఆమ్లం కోసం ఫ్రాన్సు వెళ్లవలసిన పని లేదు. చింతపండు పులుపుకు మూలం అదే. 1848లో లూయీ పాశ్చర్, కాంతిని ఎటూ తిప్పని ఒక రకం టార్టారిక్ ఆమ్లపు లవణాన్ని స్ఫటికాలుగా చేసి, వాటిలో రెండు రకాలు ఒకదానికొకటి ప్రతిబింబాలుగా ఉండడం గమనించాడు. పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరి రెండు కుప్పలు పెట్టాడు. ఒక కుప్ప ద్రావణం కాంతిని కుడివైపుకు, మరొకటి ఎడమవైపుకు తిప్పింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ లవణం రెండు రకాల స్ఫటికాలుగా విడిపోయేది సుమారు 27 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతలోనే. అంతకు మించితే రెండూ కలిసిన ఒకే స్ఫటికం ఏర్పడుతుంది. పాశ్చర్ ప్రయోగశాల పారిస్ చలిలో కాక మే నెల తిరుపతిలో ఉండివుంటే రసాయనశాస్త్ర చరిత్ర వేరుగా ఉండేదేమో!

పదేళ్లు తిరక్కముందే ఆయన మరో సంగతి గమనించాడు. అదే లవణపు ద్రావణంలో బూజు పెరిగినప్పుడు అది ఒక చేతి అణువులనే తిని, రెండో చేతి అణువులను వదిలేసింది. జీవానికి చేతివాటం ఉన్నదని తొలిసారిగా చెప్పినది ఒక పులిసిన గిన్నె అన్నమాట. రసాయనశాస్త్రంలో కుడి ఎడమల కథ ఆరంభం నుంచీ పులియడంతో ముడిపడే ఉంది.

పేర్ల గురించి ఒక హెచ్చరిక. డి, ఎల్ అన్నవి కాంతిని ఎటు తిప్పుతాయో చెప్పే గుర్తులు కావు. ఎల్ అలనిన్ కాంతిని కుడివైపుకే తిప్పుతుంది. గ్లిసరాల్డిహైడ్ అనే ఒక చిన్న అణువుతో పోల్చి, అమరికను బట్టి పెట్టిన పేర్లివి. పందొమ్మిదో శతాబ్దం చివర ఎమిల్ ఫిషర్ ఈ అమరికలను బొమ్మగా గీసినప్పుడు, రెండింటిలో ఏది నిజమో తేల్చే సాధనం లేక ఒకదాన్ని ఊహించి స్థిరపరచాడు. బొమ్మా బొరుసూ వేసినట్టే. 1951లో డచ్ శాస్త్రవేత్త బైవోట్ ఎక్స్ కిరణాలతో పరీక్షించి, ఫిషర్ ఊహ నిజమేనని తేల్చాడు. ఆయన పరీక్షకు వాడిన స్ఫటికమేమిటనుకున్నారు? మళ్లీ ఆ చింతపండు ఆమ్లపు లవణమే.

ఇక అసలు విషయం. జీవకణంలో ప్రోటీనులను నిర్మించే రైబోజోము ఎడమచేతి అమైనో ఆమ్లాలనే వాడుతుంది. ఇది సత్యం. కాని పుస్తకం నుంచి పుస్తకానికి మారే కొద్దీ ఈ వాక్యం "జీవులలో ఉండేవి ఎల్ అమైనో ఆమ్లాలే" అనే రూపం దాల్చింది. ఇది అసత్యం. రెండు వాక్యాల మధ్య తేడా ఒక్క మాటే. ఆ ఒక్క మాటతో సగం జీవశాస్త్రం గడప బయట ఉండిపోయింది.

బాక్టీరియాలనే తీసుకోండి. ప్రతి బాక్టీరియా చుట్టూ దాదాపుగా ఒక గట్టి కణకవచం ఉంటుంది. పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో అల్లిన వల అది. ఆ అల్లికలో డి అలనిన్, డి గ్లుటామిక్ ఆమ్లం తప్పనిసరి ముడిసరుకులు. ఎడమచేతి అమైనో ఆమ్లాన్ని కుడిచేతి దానిగా మార్చే రేసిమేజులనే ఎంజైములు బాక్టీరియాల వద్ద ఉన్నాయి. ఎందుకీ శ్రమ? ప్రోటీనులను కత్తిరించే ఎంజైములలో అత్యధికం ఎడమచేతి ముడులనే విప్పగలవు. గోడకు కుడిచేతి ఇటుకలు పెట్టుకుంటే ఆ కత్తెరలకు అది సులభంగా లొంగదు.

బాక్టీరియాలు పెరిగి, చచ్చి, విచ్ఛిన్నమయ్యే ప్రతిచోటా ఈ కుడిచేతి అణువులు విడుదలవుతాయి. ఆవు, గేదె నాలుగరల పొట్టలోని బాక్టీరియాల పుణ్యమా అని పచ్చిపాలలోనే వీటి జాడ కొద్దిగా ఉంటుంది. తోడు వేశాక మరింత పెరుగుతుంది. పెరుగు, జున్నుగడ్డలు, పులిసిన కూరగాయలు, సిర్కా వంటి వాటన్నిటిలోనూ డి అలనిన్, డి ఆస్పార్టిక్ ఆమ్లం, డి గ్లుటామిక్ ఆమ్లం కొలిచి చూపారు. జపానువారి నాటోలో సాగే తీగ చాలావరకు గ్లుటామిక్ ఆమ్లపు గొలుసే. అందులో కుడి ఎడమలు రెండూ కలిసి ఉంటాయి. రుచి సంగతికి వస్తే డి అలనిన్ తియ్యగా ఉంటుంది. చేదుగా ఉండే ఎల్ ట్రిప్టోఫాన్‌కు ప్రతిబింబమైన డి ట్రిప్టోఫాన్ చక్కెర కంటే ఎన్నో రెట్లు తీపి. నాలుకకు కూడా కుడి ఎడమలు తెలుసునన్నమాట.

లాక్టిక్ ఆమ్లం అమైనో ఆమ్లం కాకపోయినా దానికీ చేతివాటం ఉంది. మన కండరాలు శ్రమపడినప్పుడు తయారు చేసేది ఎల్ రూపం. పెరుగును తోడుకునేలా చేసే బాక్టీరియాలలో స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ ఎల్ రూపాన్ని, లాక్టోబాసిల్లస్ బల్గేరికస్ డి రూపాన్ని ఇస్తాయి. ఇడ్లీపిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ ఇచ్చేది కూడా డి రూపమే. ఆరోగ్యవంతుల శరీరం దీన్ని నెమ్మదిగానైనా చక్కబెట్టుకుంటుంది. చిన్నపేగులో చాలాభాగం శస్త్రచికిత్సలో తీసివేయబడినవారిలో మాత్రం పెద్దపేగు బాక్టీరియాలు దీన్ని ఎక్కువగా తయారు చేసి, మత్తు, తడబాటు, మాట ముద్దగా రావడం వంటి లక్షణాలు కలిగించగలవు. పసిపిల్లల ఆహారంలో డి లాక్టిక్ ఆమ్లాన్ని కలపకూడదని అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం సూచించడానికి కారణమూ ఈ నిదానమే. "పులిసినదంతా అమృతం" అనేవారు ఈ పేరా మరొకసారి చదవవలసిందిగా మనవి.

కుడిచేతి అణువులు పుట్టడానికి బాక్టీరియాలే ఉండనక్కరలేదు. ప్రోటీనును క్షారంలో ఎక్కువసేపు మరిగిస్తే ఎడమచేతి అమైనో ఆమ్లాలు కొన్ని కుడికి తిరుగుతాయి. అటువంటి ప్రోటీను జీర్ణం కావడం కష్టం. జీర్ణరసపు కత్తెరలు అక్కడ పని చేయవు. కాలం కూడా అదే పని చేస్తుంది. మన పంటి పింగాణీలో చిక్కుకున్న ఆస్పార్టిక్ ఆమ్లం ఏడాదికి సుమారు 0.1 శాతం చొప్పున కుడి రూపంలోకి మారుతుంది. 1970లలో కనిపెట్టిన ఈ సంగతి ఆధారంగా అజ్ఞాత శవాల వయసు లెక్కగట్టగలుగుతున్నారు. జాతకచక్రంలో తేదీ తప్పు పడవచ్చునేమో గాని పన్ను అబద్ధమాడదు.

మన శరీరంలో ఇవి ఏం చేస్తాయి? ఇక్కడే పాఠ్యపుస్తకపు సగం సత్యం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. 1935లో హాన్స్ క్రెబ్స్ జంతువుల మూత్రపిండాలలో డి అమైనో ఆమ్లాలను మాత్రమే ఆక్సీకరించే ఒక ఎంజైమును కనుగొన్నాడు. జీవులలో లేని పదార్థం కోసం జీవులలో ఎంజైము ఎందుకున్నది? దశాబ్దాల పాటు ఈ ప్రశ్నను ఒక వింతగా పక్కన పెట్టారు. 1981లో దక్షిణ అమెరికా చెట్టుకప్ప చర్మంలో డి అలనిన్ ఉన్న ఒక పెప్టైడు దొరికింది. నొప్పిని చంపడంలో అది మార్ఫిన్‌ను మించినది. 1992లో జపాను శాస్త్రవేత్తలు ఎలుక మెదడులో డి సెరిన్ పెద్ద మొత్తంలో ఉన్నట్టు చూపారు. 1999లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోని సాలమన్ స్నైడర్ బృందం, ఎల్ సెరిన్‌ను డి సెరిన్‌గా మార్చే ఎంజైమును మెదడులోనే పట్టుకుంది. నేర్చుకోవడానికి, గుర్తుంచుకోవడానికి ముఖ్యమైన ఒక గ్రాహకం తెరుచుకోవాలంటే గ్లుటామేట్‌తో పాటు ఈ డి సెరిన్ కూడా చెయ్యి వేయాలి. పరాయిదని వాకిట్లో నిలబెట్టిన అతిథి, తీరా చూస్తే పూజగదిలోనే కూర్చుని ఉన్నాడు.

సముద్రతీరపు జీవులకూ ఈ చుట్టరికం ఉంది. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు చుట్టూ ఉన్న నీటి ఉప్పదనం మారినప్పుడు తట్టుకోవడానికి తమ కండరాలలో డి అలనిన్‌ను కూడబెట్టుకుంటాయి. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో ఇప్పుడు పులికాట్ సరస్సు తీరం కూడా ఉంది. వానాకాలంలో తీపెక్కి, ఎండాకాలంలో ఉప్పెక్కే అటువంటి నీళ్లలో బతికే జీవులకు కుడిచేతి అణువు ఎందుకు పనికొస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇన్ని కుడిచేతి అణువులు చుట్టూ తిరుగుతుండగా ప్రోటీనులలోకి అవి చొరబడకుండా ఎవరు చూస్తున్నారు? ఈ ప్రశ్నకు అత్యుత్తమమైన సమాధానాలలో ఒకటి మన తెలుగు నేల మీదనే, హైదరాబాదులోని సీసీఎంబీలో లభించిందంటే మనలో ఎందరికి తెలుసు? అమైనో ఆమ్లాలను రైబోజోము దాకా మోసుకువెళ్లే టీఆర్ఎన్ఏ అణువుకు పొరపాటున కుడిచేతి సరుకు తగులుకుంటే, దాన్ని కోసి పారేసే ఎంజైము ఒకటి ఉందని 1967లోనే అమెరికాలో గుర్తించారు. అది ఏ విధంగా కుడి ఎడమలను పోల్చుకుంటుందో అంతుపట్టలేదు. సీసీఎంబీలో రాజన్ శంకరనారాయణన్ బృందం దాని నిర్మాణాన్ని పరిశీలించి 2013లో ఆ గుట్టు విప్పింది. ఆ ఎంజైము కుడిచేతి అణువును గుర్తుపట్టదట! ఎడమచేతి అణువును లోపలికి రానీయకుండా అడ్డుకుంటుందట, అంతే. అడ్డు లేక లోపలికి వచ్చిన ప్రతిదాన్నీ కోసేస్తుంది. అందుకే ఏ చేతివాటమూ లేని గ్లైసిన్‌కు దాని వల్ల ప్రమాదం. గ్లైసిన్‌ను కాపాడే మరో ఏర్పాటు కణంలో ఉన్నదని 2016లో అదే బృందం చూపింది. దోషిని వెతకక, నిర్దోషిని ముందుగా బయట నిలబెట్టి మిగిలినవారిని శిక్షించే ఈ కాపలాదారు తీరు నాకు చాలా నచ్చింది. 2020లో శంకరనారాయణన్ గారికి జీవశాస్త్రంలో ఇన్ఫోసిస్ పురస్కారం వచ్చింది.

అంతటితో ఆగలేదు. నేలమీది మొక్కలలో ఇటువంటి మరో కాపలాదారు ఉంది. మొక్కల వేళ్లు నీటిలో మునిగి ఊపిరాడనప్పుడు కణాలు పులియబెట్టే పద్ధతికి దిగుతాయి. అప్పుడు ఎసిటాల్డిహైడ్ వంటి ఘాటు పదార్థాలు పుడతాయి. ఆ పదార్థాలు అంటుకున్న కుడిచేతి సరుకును మామూలు ఎంజైము వదిలించలేదు. ఆ పని చేసే రెండో ఎంజైమును మొక్కల పూర్వీకులు ఆర్కియా అనే ప్రాచీన సూక్ష్మజీవుల నుంచి సంపాదించుకున్నాయని, నేలమీదికి మొక్కలు రావడంలో అదొక కీలక ఘట్టమని సీసీఎంబీ వారు 2021లో ప్రతిపాదించారు. నీరు నిలిచిన మడిలో మొక్క వేళ్లు, సద్దికుండలో బాక్టీరియా, ఊపిరాడని చోట రెండూ తలుపు తట్టేది పులియబెట్టడమనే ఒకే ఇంటి తలుపు.

ఇదంతా బాగానే ఉంది, మామూలు మనిషికి దీనితో ఏం పని అని అడిగేవారుంటారు. పని ఉంది. ప్రాణం మీదికి వచ్చే పని.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అనే చోటు మా సీమవాసులకు తెలియనిది కాదు. మందులు లేని రోజులలో, 1915లో, అక్కడ క్షయరోగుల కోసం మిషనరీలు ఆరోగ్యకేంద్రాన్ని నెలకొల్పారు. డెన్మార్కు నుంచి వచ్చిన వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. మంచి గాలి, విశ్రాంతి, తిండి. అప్పట్లో చికిత్స అంటే అదే. ఆ తరువాత మందులు వచ్చాయి. వాటిలో 1950లలో వచ్చిన సైక్లోసెరిన్ అనేది రూపంలో డి అలనిన్‌ను అనుకరించే అణువు. క్షయ బాక్టీరియా తన గోడ కోసం కుడిచేతి ఇటుకను తయారు చేసుకునే ఎంజైములను ఇది మోసగిస్తుంది. సాధారణ మందులకు లొంగని క్షయకు ఇచ్చే దీర్ఘకాలిక చికిత్సలో ఇప్పటికీ దీనికి స్థానముంది. ఈ మందు వాడే కొందరిలో దిగులు, భ్రమలు, మానసికమైన అలజడి కలుగుతాయని వైద్యులకు మొదటినుంచీ తెలుసు. కారణాలలో ఒకటి ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది: డి సెరిన్ చెయ్యి వేసే ఆ మెదడు గ్రాహకం మీదనే ఇదీ చెయ్యి వేస్తుంది. బాక్టీరియా గోడలోని ఇటుకా, మన మెదడులోని వార్తాహరుడూ ఒకే చేతివారు కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. క్షయరోగి ఇంట్లో "మందు పడలేదు, మతి చెడింది" అనుకుని చికిత్స మానివేసే ముందు ఎవరైనా ఈ సంగతిని తెలుగులో వివరించి చెబితే, వైద్యుణ్ణి అడిగి మార్గం వెతుక్కునే అవకాశముంటుంది.

పెన్సిలిన్ సంగతీ అంతే. బాక్టీరియా గోడలో చివరన ఉండే రెండు డి అలనిన్‌ల జంటను పోలి ఉండడమే దాని బలం. వాంకోమైసిన్ ఆ జంటను నేరుగా పట్టుకుని కూర్చుంటుంది. దానికి లొంగని ఎంటెరోకాకస్‌లు 1980ల చివర బయటపడ్డాయి. అవి చేసిన ఉపాయమేమిటంటే, చివరి డి అలనిన్ స్థానంలో డి లాక్టిక్ ఆమ్లాన్ని పెట్టుకోవడం. ఆ చిన్న మార్పుతో మందు పట్టు సుమారు వెయ్యిరెట్లు సడలిపోతుంది. చిత్రమేమిటంటే, మన ఇడ్లీపిండిలోని ల్యూకోనోస్టాక్ పుట్టుకతోనే ఈ అమరికతో ఉంది, అందువల్ల దానికి వాంకోమైసిన్ ఎక్కదు. ఆసుపత్రులను వణికించిన ఉపాయం వంటింటి గిన్నెలో ఏనాటి నుంచో నిశ్శబ్దంగా ఉన్నదే. అది చూసి ఇడ్లీకి భయపడనక్కరలేదు. ఇది దాని సహజగుణం, వ్యాపింపజేసే గుణం కాదు.

భయపడవలసినది మరొకటి ఉంది. కొలిస్టిన్ అనే మందు, మిగిలినవన్నీ విఫలమైనప్పుడు వైద్యులు తీసే చివరి అస్త్రం. దాని అణువులో డి లూసిన్ అనే కుడిచేతి ముక్క ఉంది. ఇటువంటి అస్త్రాన్ని కోళ్లకూ చేపలకూ మేతలో కలిపి పెట్టడం మన దేశంలో చాలాకాలం సాగింది. 2015లో చైనాలో కొలిస్టిన్‌ను ఎదిరించే జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి పాకుతున్నట్టు తెలిసి ప్రపంచం ఉలిక్కిపడింది. 2019 జూలైలో మన కేంద్రప్రభుత్వం ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు, జలచరాలకు, వాటి దాణాకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీ నిషేధించింది. చిత్తూరు చుట్టుపక్కల కోళ్ల పెంపకంతో బతికే కుటుంబాలు ఎన్నో. నిషేధం ఎందుకు వచ్చిందో వారి భాషలో చెప్పగలిగిన పుస్తకం, కరపత్రం, ఉపన్యాసం ఎన్ని ఉన్నాయి? కారణం తెలియని నిషేధం పోలీసు భయమున్నంతవరకే నిలుస్తుంది. "ఈ మందు నీ కోడి బరువు పెంచడానికి కాదు, రేపు నీ బిడ్డకు ఏమీ పనిచేయని రోజున వాడవలసినది" అని అర్థమైతే రైతే దాన్ని కాపాడతాడు.

కాబట్టి నా వాదం ఇది. మొదటిది, పాఠ్యపుస్తకాలలోని ఆ సగం సత్యాన్ని సరిచేయాలి. "రైబోజోము కట్టే ప్రోటీనులలో ఎల్ అమైనో ఆమ్లాలే ఉంటాయి, డి అమైనో ఆమ్లాలు బాక్టీరియా గోడలలోనూ, పులిసిన ఆహారంలోనూ, మన మెదడులోనూ ఉంటాయి" అని రాయడానికి ఒక్క పంక్తి ఎక్కువ పడుతుంది. ఆ పంక్తి చదివిన వందమందిలో ఒకరైనా "ఎందుకు?" అని అడుగుతారు. క్రెబ్స్ ఎంజైము అన్నేళ్లు అనాథగా పడివుండడానికి కారణం ఆ "ఎందుకు" అడగనీయని పాఠమే.

రెండవది, మన తిండిని మనమే కొలవాలి. ఇడ్లీపిండి పొంగడానికి కారణమైన బాక్టీరియా గురించి పేరెన్నికగన్న పరిశోధన 1965లో వెలువడింది. పని జరిగినది న్యూయార్క్ రాష్ట్రంలో. పాల్గొన్నవారిలో భారతీయుడు ఉన్నాడన్న తృప్తి ఉన్నా, పప్పు నానబోసింది మాత్రం అక్కడ. ఈనాడు తిరుపతి పరిస్థితి వేరు. 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి మహిళా విశ్వవిద్యాలయం, 2005 నాటి పశువైద్య విశ్వవిద్యాలయం, 2015 నాటి ఐసర్ అన్నీ ఒక్క ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి. రాగి అంబలి, సద్ది, పుంగనూరు ఆవుపెరుగు, దోసెపిండి ఇవన్నీ ఆ ప్రాంగణాల నుంచి సైకిలు దూరంలో దొరుకుతాయి. మట్టికుండలో ఒక రాత్రి, ఉక్కుగిన్నెలో ఒక రాత్రి; జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి; కుడి ఎంత, ఎడమ ఎంత అని వేరువేరుగా కొలవడం ఒక విద్యార్థి సిద్ధాంతవ్యాసానికి చక్కని పని. కుడి ఎడమలను విడదీసి చూపే గొట్టాలు, యంత్రాలు ఇప్పుడు అపురూపమైనవి కావు. తిరుమలలో స్వామికి పగిలిన కొత్త మట్టికుండలో పెరుగన్నం నివేదించే సంప్రదాయమున్న కొండ కింద, పెరుగును గురించి ప్రపంచం మనను అడగవలసింది పోయి మనం ప్రపంచాన్ని అడగడం ఏం బాగుంటుంది?

దీనికి ఎదురువాదం లేకపోలేదు. అవ్వ చేతి సద్దికి ప్రయోగశాల ముద్ర ఎందుకు, ఆమె అనుభవం చాలదా అనవచ్చు. అవ్వ అనుభవం చాలా గొప్పది. కాని అది దేని గురించిన అనుభవమో గుర్తించడమే ఆమెకిచ్చే మర్యాద. ఏ కాలంలో ఎన్ని గంటలు నానాలి, ఏ వాసన వస్తే తినాలి, ఏ వాసన వస్తే పారబోయాలి, ఎవరికి పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు అన్నది ఆమెకు తెలుసు. అణువుల చేతివాటం ఆమెకు తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. తెలియనిది తెలుసునని ఆమె నోట పెట్టడం వల్ల ఆమెకు నిజంగా తెలిసినది మరుగున పడుతోంది. ఆమెను పొగిడేవారిలో ఎంతమంది ఆ గంటలూ ఆ వాసనలూ రాసిపెట్టుకున్నారు?

ఇక మూడవది మన భాష. ఈ టపా రాస్తూ డి, ఎల్ అన్న అక్షరాలతో పాటు "కుడిచేతి, ఎడమచేతి" అన్న మాటలను ఉద్దేశపూర్వకంగానే వాడాను. దక్షిణ, వామ అని సంస్కృతంలోకి వెళ్లవచ్చు. కాని అక్కడ వామానికి అప్పటికే ఉన్న అపఖ్యాతి వెంట వస్తుంది. ఎడమచేత్తో అన్నం తిన్న పిల్లవాడి చేతి మీద కొట్టే సమాజం మనది. ఆ కొట్టే చేతిలోని ప్రోటీనంతా ఎడమచేతి అణువులతోనే కట్టబడిందనీ, ఆ చేతికి బలాన్నిచ్చే చక్కెర మాత్రం కుడిచేతిదనీ, రెండూ లేనిదే చెయ్యి లేవదనీ చెప్పడానికి "కుడి, ఎడమ" అన్న అచ్చతెలుగు మాటలను మించినవి నాకు కనిపించలేదు.

మన భాషలో ఇందుకు కావలసిన సామగ్రి ఉంది. పాడవడంలోని తేడాలను తెలుగు ఎంత శ్రద్ధగా పట్టుకుందో చూడండి. పెరుగు పులుస్తుంది. అన్నం పాసిపోతుంది. బియ్యం ముక్కిపోతుంది. నూనె కనరుతుంది. నీళ్లు మురుగుతాయి. పండు కుళ్లుతుంది. ఒక్కొక్కటీ ఒక్కొక్క రసాయనక్రియ, ఒక్కొక్క జీవి పని. ఒకదాని స్థానంలో ఒకటి వాడితే పల్లెలో నవ్వుతారు. ఇంత పదును ఉన్న భాషలో సూక్ష్మజీవశాస్త్రం రాయలేమని అనడం నాకు సబబుగా తోచదు. రాయడం లేదు, అంతే.

మిత్రులకు ఒక విన్నపంతో ముగిస్తాను. మీ ప్రాంతంలో పులియడానికీ, పాడవడానికీ ఉన్న మాటలు, తోడుకూ సద్దికీ ఉన్న పేర్లు, ఎన్ని గంటలు, ఏ పాత్రలో, ఏ కాలంలో అన్న వివరాలతో సహా వ్యాఖ్యలలో రాయండి. గోదావరి జిల్లాల తరవాణికీ, మా సీమ సద్దికీ, తెలంగాణ గటకకూ తేడాలేమిటో ఇళ్లలో పెద్దలను అడిగి మరీ రాయండి. పొగడ్తలు వద్దు, వివరాలు కావాలి. రేపు ఏ ప్రయోగశాలలోనైనా ఒక విద్యార్థి ఆ కుండను కొలవడానికి కూర్చున్నప్పుడు, ఏ కుండ, ఎంతసేపు అన్న మొదటి ప్రశ్నకు జవాబు తెలుగులో సిద్ధంగా ఉండాలి.